డెలిక్ట్ చట్టంలో ఏది అక్రమం, ఏది కాదు: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణాఫ్రికాలో నష్టపరిహారం కేసుల గురించి మాట మొదలైతే మనవాళ్లు ఎక్కడ ఆగిపోతారో ముందే చెప్పేయొచ్చు. "తప్పు వాడిది, నష్టం నాది, ఇంకేం కావాలి?" అనే దగ్గర. జోహన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగాలు చేసేవాళ్లు, తాతల కాలం నుంచి డర్బన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలవాళ్లు, ఇక్కడ లా కాలేజీల్లో టార్ట్స్ పేపర్‌తో కుస్తీ పడే విద్యార్థులు, అందరి సందేహమూ అదే. అందుకే వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. అక్కడి కోర్టులు రాంగ్‌ఫుల్‌నెస్ అనే అంశాన్ని ఇక్కడ అక్రమత్వం అన్నాను. చదివేది దక్షిణాఫ్రికా చట్టం. మీకు నిజంగా కేసు ఉంటే అక్కడి అటార్నీని కలవండి, ఇది చదివి నోటీసు పంపకండి.

## మొదటి సందేహాలు

డెలిక్ట్ అంటే మన దగ్గర చదివే టార్టేనా?

పని ఒకటే, పుట్టుక వేరు. ఒకరి వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే, వాళ్ల మధ్య ఒప్పందం ఏమీ లేకపోయినా పరిహారం ఇప్పించడానికే రెండూ ఉన్నాయి. మన టార్ట్ ఇంగ్లండు నుంచి వచ్చింది. ట్రెస్‌పాస్, న్యూసెన్స్ అంటూ ఒక్కో తప్పుకు ఒక్కో పేరు, దాని షరతులు దానివి. దక్షిణాఫ్రికాది రోమన్-డచ్ చట్టం. 1652 నుంచి కేప్‌లో స్థిరపడ్డ డచ్‌వాళ్లతో పాటు అక్కడికి చేరింది. మూలాలు వెతుక్కుంటూ పోతే క్రీస్తుపూర్వం 3వ శతాబ్దపు రోమన్ శాసనం లెక్స్ అక్విలియా దాకా వెళ్లాలి.

అక్కడ కేసు ఏదైనా చూసే అంశాలు ఐదు: ప్రవర్తన, అక్రమత్వం, దోషం (అంటే ఉద్దేశం లేదా నిర్లక్ష్యం), ఆ ప్రవర్తనకూ నష్టానికీ సంబంధం, నష్టం. ఒక్కటి తగ్గినా కేసు నిలబడదు. స్కాట్లండ్‌లోనూ డెలిక్ట్ అనే అంటారు గానీ, నిర్లక్ష్యం కేసుల్లో అక్కడ నడిచేది డ్యూటీ ఆఫ్ కేర్ (ఎదుటివాడి పట్ల జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత ఉందా అని చూసే) పద్ధతి. స్కాట్లండ్ పుస్తకం చదివి దక్షిణాఫ్రికా చట్టం మీద వ్యాసం రాసే విద్యార్థులు ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

నిర్లక్ష్యం నిరూపించాక మళ్లీ అక్రమత్వం అని విడిగా ఎందుకు? రెండూ ఒకటే కదా?

ఒకటి కాదు. ఈ తేడా పట్టుబడితే మిగతా చట్టమంతా తేలిక.

నిర్లక్ష్యం అనే ప్రశ్న మనిషి నడవడిక గురించి. 1966 నాటి క్రూగర్ వర్సెస్ కుట్సియా తీర్పు దానికి కొలత ఇచ్చింది. ఆ స్థానంలో వివేకం ఉన్న మనిషి ఉంటే ఇలాంటి హాని జరగవచ్చని ఊహించేవాడా? ఊహించి జాగ్రత్తపడేవాడా? ఇతను ఆ జాగ్రత్త తీసుకున్నాడా? అంతవరకే.

అక్రమత్వం అనే ప్రశ్న దాని పక్కన నిలబడి ఇంకోటి అడుగుతుంది. సరే, ఇతను నిర్లక్ష్యంగానే ఉన్నాడు, దానివల్లే నష్టం జరిగింది, అన్నీ నిజమే అనుకుందాం. అయినా ఇతని చేత చట్టం డబ్బు కట్టించడం సమంజసమేనా? లే రూ వర్సెస్ డే కేసులో రాజ్యాంగ న్యాయస్థానం (అక్కడ అన్నిటికన్నా పై కోర్టు) 2011లో ఈ సంగతి స్పష్టంగా రాసింది. ఇక్కడ సమంజసం అనే మాట ప్రతివాది ఎలా ప్రవర్తించాడన్న దాని గురించి కాదని, అతని మీద బాధ్యత మోపడం గురించి అని.

చెరువులో పరాయి పిల్లాడు మునిగిపోతున్నాడు. గట్టు మీద ఈత బాగా వచ్చినవాడు ఒకడు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. వివేకం, మనసు ఉన్నవాడెవడైనా దూకేవాడు. వీడు దూకలేదు. ఊరంతా ఛీ అంటుంది. అయినా ఆ పిల్లాడితో ఏ సంబంధమూ లేనంతవరకు చట్టం మామూలుగా వీడి చేత పరిహారం కట్టించదు. నడవడిక చెడ్డదే, కానీ చట్టం దృష్టిలో అక్రమం కాదు.

నాకు నష్టం జరిగింది నిజమే కదా. ఎవరో ఒకరు కట్టాలి కదా?

అక్కర్లేదు. ఎవరి నష్టం వాళ్లే భరించుకోవాలన్నదే డెలిక్ట్ చట్టానికి మొదటి సూత్రం. నష్టం పడ్డచోటే ఉంటుందని ఆఫ్రికాన్స్‌లో ఒక నానుడి కూడా ఉంది. టెలిమాట్రిక్స్ కేసులో సుప్రీం కోర్ట్ ఆఫ్ అప్పీల్ (రాజ్యాంగ న్యాయస్థానానికి ఒక మెట్టు కింది కోర్టు) దాన్ని గుర్తుచేసింది. వాహనాల ట్రాకింగ్ కంపెనీ ప్రకటన మీద ప్రకటనల ప్రమాణాల సంస్థ పొరపాటు నిర్ణయం ఇచ్చిందని, దానివల్ల నష్టపోయామని కంపెనీ కేసు వేసింది. ఫిర్యాదులు విని తీర్పు చెప్పే సంస్థ నిజాయతీగా పొరపాటు చేసినప్పుడల్లా జేబులోంచి కట్టాల్సి వస్తే ఇక ఏ సంస్థా తీర్పు చెప్పలేదు. కేసు పోయింది.

నష్టాన్ని ఇంకొకరి మీదికి మార్చాలంటే కారణం చూపించాల్సింది మీరే. అక్రమత్వం అనే అంశం చేసే పని ఆ కారణాన్ని పరీక్షించడం.

ఏది అక్రమమో ఏ కొలబద్దతో తేలుస్తారు?

సమాజపు న్యాయభావన అనే కొలబద్దతో. జనం అభిప్రాయం కనుక్కోవడానికి సర్వేలు చేయరు, పత్రికల్లో వచ్చిన కోపాన్నీ లెక్కలోకి తీసుకోరు. ఈ పరిస్థితుల్లో ఈ మనిషి బాధ్యుడని చట్టం అనాలా వద్దా అన్నది కోర్టే తేలుస్తుంది. అందుకు తూకం వేసేవి చాలా ఉంటాయి. ఇద్దరి మధ్య సంబంధం ఏమిటి, హాని ఎంత తీవ్రమైనది, ఆపడానికి ఎంత ఖర్చయ్యేది, బాధితుడికి వేరే దారి ఉందా, తనను తాను కాపాడుకోగలిగేవాడా, ఇది ఒప్పుకుంటే రేపు లెక్కలేనన్ని కేసులు వచ్చిపడతాయా, ఏ రాజ్యాంగ హక్కు దెబ్బతింది. జరిగిపోయిన తర్వాత అన్ని వాస్తవాలూ ముందు పెట్టుకుని వేసే తూకం ఇది. ఆ క్షణాన ప్రతివాది మనసులో ఏముందన్నది దోషం కింద చూస్తారు.

అయితే ఇదంతా జడ్జిగారి ఇష్టమేగా?

ఈ విమర్శలో కొంత నిజం ఉంది. ఒకే వాస్తవాల మీద కింది కోర్టు అక్రమం అంటే పై కోర్టు కాదన్న సందర్భాలు ఉన్నాయి. ముందే ఇదీ ఫలితం అని చెప్పలేకపోవడం మామూలు మనిషికి టెన్షనే.

కానీ పట్టపగ్గాలు లేవనడం సరికాదు. పాత తీర్పులు ఉన్నాయి. 1996 రాజ్యాంగంలో 39(2) సెక్షన్ ఉంది. మామూలు చట్టాన్ని పెంచేటప్పుడు హక్కుల పత్రం స్ఫూర్తిని ముందుకు తీసుకెళ్లాలని అది కోర్టులను ఆదేశిస్తుంది. పైగా ఏ కారణంతో అవునన్నారో, ఏ కారణంతో కాదన్నారో జడ్జి విడమరిచి రాయాలి. నన్నడిగితే ఇదే మెరుగు. కారణాలను ఏదో ఒక సూత్రం వెనక దాచిపెట్టే బదులు బయట పెడితే కనీసం వాదించడానికి అవకాశం ఉంటుంది.

కాలం మారితే అక్రమం కూడా మారుతుందా?

మారుతుంది. తన భార్యతో గానీ భర్తతో గానీ సంబంధం పెట్టుకున్న మూడో మనిషి మీద పరిహారం కేసు వేసే హక్కు దక్షిణాఫ్రికాలో ఎంతోకాలం ఉండేది. 2015లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ కేసులకు తెరదించింది. పెళ్లిని నిలబెట్టుకోవాల్సింది ఆ ఇద్దరే, మూడో మనిషి మీద దావాతో అది నిలబడదు, పైగా విచారణ పేరుతో మనుషుల ఆంతరంగిక జీవితం కోర్టులో పరువు పోయేలా బయటపడుతోంది అన్నది వాదన. ఆ పని మంచిదని ఎవరూ అనలేదు. దానికి డబ్బు కట్టించడాన్ని ఇప్పటి న్యాయభావన ఒప్పుకోదన్నారు, అంతే.

## చేసిన పని వల్ల నష్టం జరిగితే

కొట్టాడు, చెయ్యి విరిగింది. ఇక్కడ కూడా అక్రమత్వం మీద వాదించాలా?

దాదాపు అక్కర్లేదు. ఒక పని చేసి మనిషి ఒంటికి గానీ ఆస్తికి గానీ నేరుగా హాని కలిగిస్తే అది పైకి అక్రమంగానే కనిపిస్తుందని చట్టం మొదలుపెడుతుంది. కాదని చెప్పాల్సిన భారం కొట్టినవాడిది. ఆత్మరక్షణ కోసం కొట్టానంటే అదీ అతనే నిరూపించాలి.

ఒక మాట. బండి ప్రమాదంలో గాయపడితే పరిహారం అడగాల్సింది డ్రైవర్‌ని కాదు, రోడ్ యాక్సిడెంట్ ఫండ్‌ని. పనిలో గాయపడితే 1993 నాటి పరిహార చట్టం కింద అడగాలి, యజమాని మీద డెలిక్ట్ కేసు వేయనివ్వదు ఆ చట్టం.

ఆత్మరక్షణ అంటే ఎంతవరకు కొట్టొచ్చు?

దాడి జరుగుతూ ఉండాలి, లేదా ఇప్పుడో ఇంకో క్షణంలోనో జరగబోతూ ఉండాలి. అది అక్రమమైన దాడి అయి ఉండాలి. మీరు చేసింది దాన్ని ఆపడానికి అవసరమైనంతే ఉండాలి. దొంగ గోడ దూకి పారిపోయాక వెంటపడి కొడితే అది కక్ష.

ఆస్తి కోసం ప్రాణం తీయొచ్చా అన్నది పాత చర్చ. పదే పదే దొంగతనాలు జరిగిన ఒక కొట్టు యజమాని తుపాకీని ఉచ్చులా అమర్చాడు, బయట హెచ్చరిక బోర్డూ పెట్టాడు. దొంగ చనిపోయాడు. కొన్ని పరిస్థితుల్లో అది కూడా సమర్థనీయమేనని 1967లో ఫాన్ వైక్ కేసులో అప్పీలు కోర్టు (ఇప్పటి సుప్రీం కోర్ట్ ఆఫ్ అప్పీల్) అంది. రాజ్యాంగం ప్రాణానికి ఇచ్చిన స్థానం చూస్తే ఆ తీర్పును నమ్ముకుని ఇవాళ ఎవరూ ఉచ్చులు పెట్టకపోవడమే మంచిది.

ఆటలో దెబ్బ తగిలింది. ఆడటానికి ఒప్పుకున్నాను కదా, కేసు పోయినట్టేనా?

ఆటలో మామూలుగా తగిలే దెబ్బలకు మీరు ఒప్పుకున్నట్టే. ఆట ముసుగులో చేసే ప్రమాదకరమైన పనికి కాదు. రెండు స్కూళ్ల రగ్బీ మ్యాచ్‌లో స్క్రమ్ (రెండు జట్ల ఆటగాళ్లు తలలు వంచి భుజాలతో తోసుకునే ఘట్టం) కలిసే సమయంలో ఒక కుర్రాడు నిబంధనలకు విరుద్ధమైన ఎత్తు వేశాడు. ఎదుటి కుర్రాడి మెడ తీవ్రంగా దెబ్బతింది. అనుకోకుండా జరిగిన ఫౌల్ కాదని, కావాలని చేసిన అత్యంత ప్రమాదకరమైన పని అని 2012లో సుప్రీం కోర్ట్ ఆఫ్ అప్పీల్ నమ్మింది. రగ్బీ ఆడేవాడెవడూ దానికి ఒప్పుకున్నట్టు కాదు, కాబట్టి అక్రమమే అంది.

ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టించుకున్నారు. ఇక డాక్టర్‌ని ఏమీ అనలేమా?

కాగితం మీద సంతకం ఒక్కటే సమ్మతి కాదు. ప్రమాదం ఏమిటో తెలిసి, అర్థమై, ఒప్పుకుని ఉండాలి. రోగి స్థానంలో ఉన్న మామూలు మనిషి ముఖ్యమనుకునే ప్రమాదాన్ని డాక్టర్ చెప్పి తీరాలని 1994లో కాస్టెల్ వర్సెస్ డి గ్రీఫ్ కేసులో కేప్ కోర్టు అంది. అంతకుముందు డాక్టర్లు ఏది చెప్పడం సబబనుకుంటే అదే కొలత.

కన్నవాళ్లం, పిల్లల్ని ఓ దెబ్బ వేయకూడదా?

ఇండియా నుంచి కొత్తగా వెళ్లిన కుటుంబాలు తప్పక తెలుసుకోవాల్సిన సంగతి ఇది. క్రమశిక్షణ కోసం ఓ మోస్తరుగా కొట్టే హక్కు కన్నవాళ్లకు ఉందని పాత చట్టం ఒప్పుకునేది. 2019 సెప్టెంబర్‌లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ మినహాయింపు రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. కాబట్టి మా ఇంట్లో ఇది మామూలే అన్న సమాధానం అక్కడ చెల్లదు. స్కూళ్లలో కొట్టడం 1996 నుంచే నిషేధం.

నా స్థలంలో నేను ఏం చేసుకున్నా పక్కింటివాళ్లకెందుకు?

సొంత స్థలం మీద హక్కు పక్కవాడి నెత్తికెక్కేదాకా ఉండదు. కూరగాయల తోట మీద పడే బబూన్ కోతులను తరమడానికి ఒక రైతు పెద్ద పెద్ద చప్పుళ్లు చేసే యంత్రం పెట్టాడు. రాత్రీ పగలూ ఆ మోత. పంట కాపాడుకోవడం తప్పా అంటే తప్పు కాదు. కానీ పక్కవాళ్లు భరించాల్సిన హద్దు దాటిందని 1979లో ట్రాన్స్‌వాల్ కోర్టు గీన్ కేసులో తీర్పిచ్చింది. ఇలాంటి చోట్ల చూసేది మీ అవసరం ఎంత, పక్కవాడి ఇబ్బంది ఎంత, తక్కువ ఇబ్బందితో అదే పని అయ్యే దారి ఉందా అని.

సరదాకి మార్ఫింగ్ ఫోటో పంపాను. జోక్ కూడా అక్రమమేనా?

ఒక స్కూల్లో కుర్రాళ్లు ఇద్దరు మగవాళ్ల నగ్న చిత్రానికి ప్రిన్సిపల్, డిప్యూటీ ప్రిన్సిపల్ తలలు అతికించారు. ఫోన్లలో తిరిగి తిరిగి అది స్కూల్ నోటీసు బోర్డుకు కూడా ఎక్కింది. డిప్యూటీ ప్రిన్సిపల్ కేసు వేశారు. రాజ్యాంగ న్యాయస్థానంలో మెజారిటీ జడ్జీలు అది పరువునష్టమేనన్నారు. 25,000 రాండ్ల పరిహారంతో పాటు క్షమాపణ కూడా చెప్పమన్నారు. పరువు తీసే విషయం ప్రచురించారని తేలితే చాలు, అది అక్రమం, ఉద్దేశపూర్వకం అని అనుకుంటుంది చట్టం. నిజం చెప్పాను, జనానికి అది తెలియడం అవసరం అనో, నిజాయతీ గల వ్యాఖ్య అనో చూపించాల్సింది ప్రచురించినవాళ్లే.

## చేయాల్సింది చేయకపోతే

చూస్తూ నిలబడి ఏమీ చేయనివాడిని కోర్టుకి లాగొచ్చా?

మామూలుగా లాగలేరు. పరాయివాడిని కాపాడే బాధ్యత అందరి మీదా పెట్టడానికి చట్టం వెనకాడుతుంది. మినహాయింపులు పెరుగుతూ వచ్చాయి. ప్రమాదాన్ని తెచ్చిపెట్టింది మీరే అయితే, ప్రమాదకరమైన వస్తువో స్థలమో మీ అదుపులో ఉంటే, బాధితుడితో మీకు ప్రత్యేక సంబంధం ఉంటే, మీ ఉద్యోగమే కాపాడటం అయితే ఊరుకోవడం అక్రమం కావచ్చు. 20వ శతాబ్దం మొదట్లో ప్రమాదం తెచ్చిపెట్టినవాడన్న మొదటి రకం దగ్గరే కోర్టులు ఎక్కువగా ఆగిపోయేవి. ఇప్పుడు అన్నిటినీ కలిపి చూస్తాయి.

పోలీసులు పట్టించుకోకపోవడం వల్ల దాడి జరిగింది. పోలీసుల మీద కేసు వేయొచ్చా?

వేయొచ్చు. దీని వెనక దాదాపు 50 ఏళ్ల చరిత్ర ఉంది, కాస్త నిదానంగా చెబుతాను.

పోలీస్ స్టేషన్‌లోనే, మిగతా పోలీసులు చూస్తుండగా, డ్యూటీలో లేని ఒక సార్జెంట్ ఒక పౌరుణ్ణి కొట్టాడు. ఒక్కరూ అడ్డుపడలేదు. ఇవెల్స్ కేసుగా పేరుపడ్డ ఈ వ్యవహారంలో 1975లో అప్పీలు కోర్టు గీత జరిపింది. ఊరుకోవడం జనానికి కోపం తెప్పించడమే కాదు, దాన్ని అక్రమమని ప్రకటించి పరిహారం ఇప్పించాలని సమాజపు న్యాయభావన కోరే స్థాయిలో ఉంటే అది అక్రమమే అంది.

తర్వాత కార్మికేల్ కేసు. 1995 ఆగస్టు. నైస్నా దగ్గర నూట్సీ అనే చిన్న తీరగ్రామం. అక్కడ ఒక యువకుడి మీద అప్పటికే ఒక స్త్రీపై అత్యాచారయత్నం కేసు నడుస్తోంది, పాత నేర చరిత్ర కూడా ఉంది. అయినా పోలీసులు, ప్రాసిక్యూటర్ అభ్యంతరం చెప్పకపోవడంతో పూచీకత్తు డబ్బు కూడా లేకుండా బయటికొచ్చాడు. ఊళ్లో ఒకావిడ భయపడి వెళ్లి అడిగింది కూడా. ఇంకో నేరం చేసేదాకా ఏమీ చేయలేమన్నారు. చేశాడు. స్నేహితురాలి ఇంటికి వెళ్లిన కార్మికేల్ మీద దాడి చేసి తీవ్రంగా గాయపరిచాడు. రెండు కోర్టులు ఆమె కేసు కొట్టేశాయి. 2001లో రాజ్యాంగ న్యాయస్థానం ఒప్పుకోలేదు. హింస నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలో ఉండగా, అక్రమత్వానికి పాత కొలత పట్టుకుని కూర్చోవడానికి వీల్లేదని కేసు వెనక్కి పంపింది. ఆమె గెలిచింది. 2003లో సుప్రీం కోర్ట్ ఆఫ్ అప్పీల్ దాన్ని ఖాయం చేసింది.

అలాగని ప్రతి ఆలస్యానికీ పోలీసులు కట్టరు. ఫలానా మనిషి నుంచి ప్రమాదం ఉందని వాళ్లకు తెలుసా, ఆపగలిగే అధికారం ఉందా అన్నవి నిలబడాలి. తాగి తుపాకులతో బెదిరించే అలవాటున్న మనిషి గురించి తెలిసీ తుపాకులు తీసేసుకోనందుకు ఫాన్ డౌవెన్‌బోడెన్ కేసులో 2002లో ప్రభుత్వం ఓడిపోయింది.

రైల్లో దోచుకున్నారు. రైల్వే వాళ్లు బాధ్యులా?

2011 జనవరి 1న ఒక ప్రయాణికుణ్ణి ముగ్గురు దోచుకుని, కదులుతున్న రైల్లోంచి తెరిచి ఉన్న తలుపు గుండా బయటికి నెట్టేశారు. ఒక కాలు తీసేయాల్సి వచ్చింది. ప్రయాణికుల రైళ్లు నడిపే ప్రాసా సంస్థ, నేరం చేసింది వేరేవాళ్లు కదా అంది. 2015లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ మాట ఒప్పుకోలేదు. జనాన్ని రైలెక్కించుకునే ప్రభుత్వ సంస్థకు వాళ్ల భద్రత చూసే బాధ్యత ఉంది, రైలు కదిలేటప్పుడు తలుపులు మూసి ఉంచడం అందులో కనీస పని. బోగీకో గార్డుని పెట్టనందుకు కాదు, తలుపులు తెరిచి వదిలేసినందుకే సంస్థ ఓడిపోయింది. ఏ దోపిడీ అయినా రైల్వే కడుతుందని దీనర్థం కాదు. వాళ్లు చేయాల్సిన ఏ పని చేయలేదో వేలు పెట్టి చూపించగలగాలి.

ఫుట్‌పాత్ గుంతలో పడి కాలు విరిగింది. మునిసిపాలిటీ కడుతుందా?

రోడ్లు బాగుచేయకపోయినా మునిసిపాలిటీలకు బాధ్యత లేదన్న పాత రక్షణ ఇప్పుడు లేదు. కేప్‌టౌన్ సీ పాయింట్‌లో ఫుట్‌పాత్ గుంతల వల్ల ఒకావిడ గాయపడిన బక్కెరూడ్ కేసులో, 2000లో సుప్రీం కోర్ట్ ఆఫ్ అప్పీల్ నగరమే బాధ్యత వహించాలంది. అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. డబ్బు, మనుషులు లేని చిన్న ఊరి పంచాయతీని, పెద్ద నగరాన్ని ఒకే గాటన కట్టలేమని. జనం నడిచే చోటు, గుంత ఎంత కాలంగా ఉంది, కనిపిస్తుందా, సరిచేయడానికి ఎంతవుతుంది అన్నవి లెక్కలోకి వస్తాయి.

ఆస్పత్రిలో ఆలస్యం చేశారు. ఆలస్యం కూడా అక్రమమేనా?

అత్యవసరమైతే అవును. 2002లో రగ్బీ ఆడుతూ 17 ఏళ్ల కుర్రాడి వెన్నుపూస దెబ్బతింది. నాలుగు గంటల్లోపు ఎముకను సరిచేస్తే కోలుకునే అవకాశం ఉండేదన్నది నిపుణుడి సాక్ష్యం. ఒక ఆస్పత్రి నుంచి ఇంకో ఆస్పత్రికి తిప్పడంతోనే ఆ సమయం దాటిపోయింది. అత్యవసర వైద్యం ఎవరికీ నిరాకరించకూడదన్న రాజ్యాంగ సెక్షన్ 27(3) ఆధారంగా 2015లో ఆపెల్ట్ కేసులో ప్రభుత్వ వైద్య శాఖను బాధ్యురాలిని చేశారు.

డబ్బు కట్టి పెట్టుకున్న సెక్యూరిటీ గార్డే దొంగలకు గేటు తీశాడు. ఏం చేయాలి?

జోహన్నెస్‌బర్గ్‌లో ఇది తరచూ వినే భయం, తీర్పు కూడా ఉంది. 2009లో పోలీసు వేషంలో వచ్చిన దొంగలకు ఒక గార్డు గేటు తీశాడు. నిజంగా పోలీసులే అనుకున్నాడు. 2014లో రాజ్యాంగ న్యాయస్థానం కంపెనీని ఒప్పందం కింద, డెలిక్ట్ కింద, రెండు రకాలుగానూ బాధ్యురాలిని చేసింది. పోలీసు దుస్తులు చూసి నమ్మడం నిర్లక్ష్యమా కాదా అనేది ఒక ప్రశ్న, కాపలా కోసమే డబ్బు తీసుకునే కంపెనీ చేత కట్టించడం సమంజసమా అనేది వేరే ప్రశ్న అని అందులో విడదీసి చూశారు. గార్డు చెప్పిన సాకు మొదటి ప్రశ్నకు సంబంధించింది.

## డబ్బు మాత్రమే పోతే

ఒంటికి దెబ్బ లేదు, వస్తువు పాడవలేదు, డబ్బే పోయింది. ఇదెందుకంత కష్టం?

డబ్బు నష్టం గొలుసులా సాగుతుంది కాబట్టి. ఒక రోడ్డు మూసేస్తే దాని మీద ఆధారపడ్డ హోటల్, లారీ, పెట్రోల్ బంక్, కూరగాయల కొట్టు అన్నిటికీ నష్టమే. అందరికీ ఒక్కడే కట్టాలంటే అంతుండదు. ఇలాంటి నష్టానికి పరిహారం అడగొచ్చని అప్పీలు కోర్టు 1979లో ట్రస్ట్ బ్యాంక్ కేసులో ఒప్పుకుంది గానీ, ఇక్కడ అక్రమత్వం దానంతటదే ఉందని అనుకోరు. ఎందుకు అక్రమమో మీరే చెప్పుకోవాలి.

ఇచ్చిన సందర్భం ఒకటి. లారీ బోల్తా పడి ఆస్బెస్టాస్ రోడ్డంతా చిందింది. టోల్ రోడ్డు మూసేశారు. జాతీయ రోడ్ల సంస్థ పోయిన టోల్ ఆదాయం లారీ కంపెనీ నుంచి అడిగి గెలిచింది. నష్టపోయింది ఎవరో, ఎంతో లెక్క తేలింది. ప్రమాదం చేయబోయే లారీతో ముందే ఒప్పందం రాసుకుని తనను కాపాడుకునే దారి కూడా ఆ సంస్థకు లేదు.

ఈమెయిల్ మోసంలో తప్పుడు ఖాతాకి డబ్బు వేశాను. లాయర్ల ఆఫీసు హెచ్చరించలేదు. వాళ్లది బాధ్యత కాదా?

దీనికి 2024 జూన్‌లో వచ్చిన తీర్పు చదివితే చాలామందికి గుండె జారుతుంది. ఇల్లు కొంటున్న ఒకావిడ మిగిలిన 55 లక్షల రాండ్లు కట్టాలి. అమ్మేవాళ్ల తరపు లాయర్ల సంస్థ పంపిన ఈమెయిల్‌ను మధ్యలో మోసగాళ్లు పట్టుకున్నారు. ఖాతా వివరాలు మార్చి పంపారు. ఆవిడ తన బ్యాంకుకు వెళ్లి, సిబ్బంది సాయంతోనే డబ్బు వేసింది. డబ్బు పోయింది. హైకోర్టు లాయర్ల సంస్థ బాధ్యత అంది. సుప్రీం కోర్ట్ ఆఫ్ అప్పీల్ తిప్పేసింది.

ఆమె ఆ సంస్థకు క్లయింట్ కాదు. ఇలాంటి మోసాల గురించి ఎస్టేట్ ఏజెంట్ అంతకుముందే హెచ్చరించాడు. డిపాజిట్ కట్టేటప్పుడు ఆమె ఫోన్ చేసి ఖాతా సరిచూసుకుంది కూడా. పెద్ద మొత్తం కట్టేటప్పుడు అదే ఒక్క ఫోన్ చేయలేదు. తనను తాను కాపాడుకునే దారి చేతిలో ఉన్నప్పుడు ఇంకొకరి చేత కట్టించడం సమంజసం కాదన్నది కోర్టు మాట. ఆవిడ మీద జాలి కలుగుతుంది, తీర్పు తర్కం మాత్రం గట్టిదే. ఇక్కడ ఆన్‌లైన్ మోసాల్లో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు కూడా ఇదే ప్రశ్న అడుగుతుంటారు, కానీ మన చట్టం వేరు, ఆ తీర్పు నేరుగా వర్తించదు.

టెండర్ ఇచ్చి తర్వాత రద్దు చేశారు. పెట్టిన ఖర్చు రాదా?

కష్టమే. టెండర్ బోర్డు పొరపాటు వల్ల టెండర్ రద్దయి, అప్పటిదాకా పెట్టిన ఖర్చు అడిగిన స్టీన్‌క్యాంప్ కేసులో 2006లో రాజ్యాంగ న్యాయస్థానం మెజారిటీ కాదంది. అందరికీ మేలు చేయాల్సిన బోర్డు ప్రతి పొరపాటుకూ కట్టాల్సి వస్తే ఖజానా మీద భారం, నిర్ణయాలు తీసుకునేవాళ్లకు భయం. మోసమో లంచమో ఉంటే లెక్క మారుతుంది.

మా మధ్య ఒప్పందం ఉంది. ఒప్పందం తప్పాడు కాబట్టి డెలిక్ట్ కింద కూడా వేయొచ్చా?

ఒప్పందంలోనే పుట్టిన బాధ్యతను డెలిక్ట్ పేరుతో మళ్లీ అడగనివ్వరు. ఒప్పందానికి బయటున్నవాళ్లకైతే ఇంకా కష్టం. సోవెటోలో ఆస్పత్రి కట్టే కాంట్రాక్టర్‌కు కోటీ 20 లక్షల రాండ్లు అప్పిచ్చిన కంపెనీ ఒకటి ఉంది. ప్రభుత్వం ఆ కాంట్రాక్టు రద్దు చేయడంతో అప్పు మునిగింది. ప్రభుత్వం మీద వేసిన కంట్రీ క్లౌడ్ కేసు 2014లో రాజ్యాంగ న్యాయస్థానంలో ఓడిపోయింది. అప్పిచ్చేటప్పుడే తగిన హామీలు రాయించుకోవచ్చు కదా అన్నది ముఖ్య కారణం.

## కోర్టు మెట్లెక్కాక

అక్రమత్వాన్ని ఎవరు నిరూపించాలి?

చేత్తో చేసిన హాని అయితే అది పైకి అక్రమమే, సమర్థించుకోవాల్సింది ప్రతివాది. ఊరుకోవడం వల్ల జరిగిన హాని అయినా, ఒట్టి డబ్బు నష్టం అయినా, ప్రతివాది మీద చట్టపరమైన బాధ్యత ఎందుకుందో వాస్తవాలు చూపాల్సింది మీరు. ఇవి కేసు వేసే కాగితాల్లోనే ఉండాలి. "ప్రతివాది ప్రవర్తన అక్రమం" అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తే చాలదు.

విచారణ కూడా జరగకుండానే కేసు కొట్టేస్తారా?

కొట్టేయొచ్చు. మీరు రాసినవన్నీ నిజమే అనుకున్నా కేసు లేదంటూ ప్రతివాది ఎక్సెప్షన్ అనే అభ్యంతరం లేవనెత్తుతాడు. అక్రమత్వం మీద చాలా కేసులు ఇక్కడే ముగుస్తాయి. సున్నితమైన కొత్త ప్రశ్నలను ఈ దశలో తేల్చేయడం మంచిది కాదని రాజ్యాంగ న్యాయస్థానం 2014లో అంది. గర్భంలోని బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండే ప్రమాదం గురించి పరీక్షా కేంద్రం హెచ్చరించలేదని, పుట్టిన బిడ్డ తరపున వేసిన కేసు అది. కాగితాలు సరిచేసుకునే అవకాశం ఇచ్చి వెనక్కి పంపింది.

దక్షిణాఫ్రికా తీర్పులు ఇండియా కోర్టులో పనికొస్తాయా?

కట్టుబడాల్సినవి కావు, వాదనకు బలంగా చూపించవచ్చు. మన కోర్టులు నిర్లక్ష్యం కేసుల్లో డ్యూటీ ఆఫ్ కేర్ అన్న ప్రశ్నతో మొదలుపెడతాయి. అయితే అందులో కూడా చివరికి చూసేది బాధ్యత మోపడం న్యాయమా అనే. రోడ్డు పక్క చెట్టు విరిగిపడి ఒక మనిషి చనిపోయిన కేసులో మన సుప్రీం కోర్టు 1997లో రాజ్‌కోట్ మునిసిపాలిటీకి బాధ్యత లేదంది. విద్యార్థులు ఆ తీర్పును బక్కెరూడ్ తీర్పు పక్కన పెట్టి చదివితే పరీక్షకు మంచి జవాబు తయారవుతుంది.

ఎంతకాలంలోపు కేసు వేయాలి?

1969 నాటి ప్రిస్క్రిప్షన్ చట్టం ప్రకారం మామూలుగా మూడేళ్లు. బాధ్యులెవరో, ఏం జరిగిందో మీకు తెలిసిన రోజు, లేదా కాస్త జాగ్రత్తపడితే తెలిసి ఉండాల్సిన రోజు నుంచి లెక్క. పోలీసులు, ప్రభుత్వ ఆస్పత్రి, మునిసిపాలిటీ లాంటివాళ్ల మీదైతే అంతకన్నా ముందే, ఆరు నెలల్లోపు రాతపూర్వక నోటీసు ఇవ్వాలని 2002 నాటి చట్టం చెబుతోంది. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చు, మన్నించి తీరాలని లేదు. అటార్నీ దగ్గరికి వెళ్లేటప్పుడు ఘటన తేదీ, పోలీసు కేసు నంబర్, ఆస్పత్రి కాగితాలు, ఎవరికి ఎప్పుడు ఫిర్యాదు చేశారో ఆ మెసేజ్‌లు తీసుకెళ్లండి. ముందే హెచ్చరించినా ఊరుకున్నారని చూపించడానికి ఆ మెసేజ్‌లే పనికొస్తాయి.